దిబ్బ మీద తాటి టెంకలు

మా సన్యాసయ్య గురువుగారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరు. ఒక కథ చెబుతారు. ఆ కథలో తప్పు చేసినవాడు ఎప్పుడూ పక్క ఊరివాడే. అందుకే సాయంత్రం పూట వలల పాకలో ఆయన ముందు కూర్చోవడానికి మా పల్లెలో ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. పక్క ఊరివాళ్ళ లోభం గురించి, అసూయ గురించి విని, తలలూపి, భోజనాలకు వెళ్ళిపోయేవాళ్ళం.

ఆ మార్గశిరంలో ప్రశ్న అడిగింది నూకరత్నం. డిగ్రీ రెండో ఏడు చదువుతూ ఆయన దగ్గర తత్త్వాలు నేర్చుకుంటున్న పిల్ల.

"గురువుగారూ, నా జతవాళ్ళు ఇక రామంటున్నారు. వచ్చే శ్రావణంలో మళ్ళీ టెంకలు పాతాలంటే ముందు ఎవరితో మాట్లాడాలి? ఊరంతా కలిసి తప్పు చేస్తే ఎవరిని అడగాలి?"

ఎవరి వైపూ చూడకుండా అడిగింది. మేమూ ఎవరి వైపూ చూడలేదు.

సంగతి ఏమిటంటే, సముద్రానికీ మా ఇళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క ఇసుక దిబ్బ. ఏటేటా కెరటాలు దాన్ని కొరుక్కు తింటున్నాయి. తాటిచెట్ల వేళ్ళు పట్టుకుంటే దిబ్బ నిలుస్తుందని నూకరత్నం తన ఈడువాళ్ళను ఏడుగురిని పోగేసి, శ్రావణంలో ఆరు వందల టెంకలు ఏరి, దిబ్బ పొడవునా పాతించింది. ఎవరూ తొక్కకుండా ఒక్కో టెంక పక్కన సున్నం పూసిన పుల్ల గుచ్చారు. సర్పంచి అప్పన్నగారు కూడా ఒక టెంక పాతి, ఫోటో దిగి, చెట్టు గురించి ముప్పావుగంట మాట్లాడారు. అప్పటికి చెట్టు లేదు గనక అది అడ్డు చెప్పలేదు.

తాటి టెంక నేల పైకి ఆకు తొడగడానికి ఏడాది పడుతుంది. ముందు నేలలోకి ఒక మొలకను దింపుతుంది. దాన్నే మనం తేగ అంటాం, కాల్చుకుని తింటాం. పిల్లలు ఈ సంగతి మరచిపోలేదు. ఊరు మరచిపోతుందనుకున్నారు.

కార్తీకంలో తవ్వకాలు మొదలయ్యాయి. ఎక్కడ తవ్వాలో సున్నం పుల్లలే చక్కగా చూపించాయి. నోట్లో నాలుగు పళ్ళు లేని సూరీడమ్మ గంపెడు తెచ్చుకుంది. సర్పంచిగారు తాను పాతినదాన్ని మాత్రమే తవ్వించుకున్నారు. న్యాయమైన మనిషి. నేను తిన్నవి ఎవరో పెట్టినవి.

తర్వాతి నెల వాయుగుండం వచ్చింది. గుంతలు పడ్డ చోటే దిబ్బ తెగింది. నీళ్ళు నూకరత్నం నాయనమ్మ ఇంటి మట్టిగోడలను తీసుకుపోయాయి. ముసలమ్మ బతికింది. అప్పటి నుంచి వలల పాకలోనే ఒక మూల పడుకుంటోంది. ఆ సాయంత్రమూ అక్కడే ఉంది.

గురువుగారు మంచినీళ్ళు తాగి మొదలుపెట్టారు. "ఒక ఊళ్ళో ఒక ముసలాయన ఉండేవాడు."

మేము సర్దుకుని కూర్చున్నాం. "పక్క ఊరే," అన్నాడు తాతారావు నా చెవిలో, ఊపిరి వదులుతూ.

"పిల్లలు పాతిన టెంకల పక్కగా ఆయన రోజూ నడిచేవాడు. రెండు నెలలైనా పైకి ఏమీ కనిపించలేదు. పుస్తకాలు పట్టుకునే చేతులు, ఏం పాతి ఉంటారులే అనుకున్నాడు. ఒకనాటి పొద్దున చేతికర్రతో ఒక టెంకను పెళ్ళగించి చూశాడు. జానెడు మొలక దిగి ఉంది. మళ్ళీ పాతబోతే విరిగిపోయింది. పారేయడం దేనికని ఇంటికి తెచ్చి కాల్చుకుని తిన్నాడు. తెచ్చేటప్పుడు దారిలో ఒకావిడ ఎదురై ఆయన చేతిలో తేగను చూసింది. ఆయనే తెచ్చుకున్నాడంటే మనమూ తెచ్చుకోవచ్చు కాబోలు అనుకుంది."

ముందు తలెత్తింది సూరీడమ్మ. "నాకు ఎదురైంది మీరే కదా బాబూ," అంది, ఇంకేమీ తోచక.

పక్క ఊరు ఆ సాయంత్రం మాకు బాగా దూరమైపోయింది.

నూకరత్నం ఆయన వైపు తిరిగింది. "టెంక పైకి రావాలంటే ఏడాది పడుతుందని మీకు తెలియదా గురువుగారూ?" అంది.

"టెంక సంగతి తెలుసు," అన్నారాయన.

మూల నుంచి నాయనమ్మ దగ్గు వినిపించింది. గురువుగారు తన చేతికర్ర తీసి నూకరత్నం ముందు నేల మీద పెట్టారు.

"మీరు పాతింది బాగానే మొలిచిందమ్మా," అన్నారు.