చివరి బంతికి పనసపొట్టు కూర

విస్సన్న మేస్త్రిని ఏదైనా అడిగితే ఓ పట్టాన జవాబు రాదు. నలభై ఏళ్ళుగా పెళ్ళివంటలు చేయిస్తున్న ఆయనకు గరిటె మీద ఉన్న నమ్మకం మాటల మీద లేదు.

ఆయన శిష్యుడు తాతారావు. భార్యతో విడిపోయినప్పుడు కూతురి పోషణకు నెలకు ఆరు వేలు ఇమ్మని కోర్టు చెబితే, రెండేళ్ళు తప్పకుండా ఇచ్చాడు. మరిగే నూనె పడి కుడిచెయ్యి కాలాక సగం కూలికి దిగాడు. రెండు నెలలుగా పైసా పంపలేదు, పాప ఫోను చేసినా ఎత్తడం లేదు. తగ్గించమని కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చని ప్లీడరు చెప్పినా సిగ్గు అడ్డొచ్చింది.

"ఇవ్వలేనివాడు ఏ మొహం పెట్టుకుని వెళ్తాడండీ, గురువుగారూ?" అని ఓ పెళ్ళివారింట కొబ్బరి కోరుతూ అడిగాడు. మేస్త్రి పొయ్యిలో కట్టెలు ఎగదోశాడు.

కాసేపటికి పనసపొట్టు కూర గుండిగ దించుతుంటే తాతారావు చెయ్యి పట్టు తప్పింది. మూడోవంతు నేలపాలైంది. ముందు బంతులకు ఎప్పటిలాగే వడ్డించేద్దామని, తర్వాతి సంగతి తర్వాత చూసుకోవచ్చని గొణిగాడు. చివరి బంతిలో కూర్చునేది ఆ ఇంటి ఆడవాళ్ళూ పిల్లలేనని అతనికీ తెలుసు.

మేస్త్రి చేతులు కడుక్కుని, శిష్యుణ్ణి వెంటబెట్టుకుని తిన్నగా పెళ్ళికూతురి తండ్రి దగ్గరికి వెళ్ళాడు.

"కూర ఒలికిపోయిందండీ. చిన్న గరిటెతో వడ్డిస్తే ఆఖరి విస్తరి దాకా వస్తుంది. బంతి వెయ్యకముందే తమ చెవిన వేస్తున్నాను."

ఆయన పదిమందిలో దులిపేశాడు. మేస్త్రి తలొంచుకుని అన్నీ పడ్డాడు. చివరికి ఆ తండ్రే, సరే, అలాగే కానిమ్మన్నాడు.

చివరి బంతిలో ఓ పిల్ల, తాతారావు కూతురి ఈడుదే, ఆ కాస్త కూరనూ అన్నంలో కలుపుకుని వేళ్ళు నాకుతూ తింది. తాతారావుకు దుఃఖం ఆగలేదు. కళ్ళు తుడుచుకుని మర్నాటికి సెలవు కావాలన్నాడు. ప్లీడరును కలిసి అర్జీ వేస్తానని, జేబులో ఉన్న రెండు వేలూ ఇప్పుడే పంపి పాపతో తనే మాట్లాడతానని, ఎవరేమన్నా పడతానని ఖరాఖండీగా చెప్పాడు.

మేస్త్రి ఖాళీ గుండిగ బోర్లించాడు.

"తిట్లు నేను చాలా తిన్నానురా, అన్నీ అరిగిపోయాయి. ఓ పిల్లముందు ఖాళీ విస్తరి ఉంచి మొహం చాటేసిన రోజొకటుంది. ముప్పై ఏళ్ళయింది, అదింకా అరగలేదు."