పసుపు మార్కరు

అనగనగా సిరివరమని ఒక రాజ్యం. అక్కడ కోట ఉంది, కొలువు ఉంది, ఏనుగులున్నాయి, కంప్యూటర్లు కూడా ఉన్నాయి. ఉండకూడదా ఏం? కథ మనదే కదా!

ఆ కొలువులో వల్లభుడనే వీడియో ఎడిటర్ ఉండేవాడు. పనిమంతుడే, కానీ పొగడ్తంటే చెవి కోసుకునేవాడు. రాజకుమారి పెళ్ళి వీడియో కూర్చే పని అతనికే దక్కింది.

వీడియోలో సరిచేయవలసిన చోటల్లా ఎడిటర్లు మార్కర్లు పెట్టుకుంటారు. చిన్న చిన్న రంగు జెండాల్లా ఉంటాయవి. ఒక్కోదాని మీద అక్కడ చేయాల్సిన పని రాసుకుంటారు. పని కాగానే తీసేస్తారు. మార్కరు లేదంటే అక్కడ పని అయిపోయినట్టే లెక్క.

ఒకనాడు కోటలో పూలు కట్టే అచ్చమ్మ అతని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"బాబూ, పెళ్ళి భోజనాలప్పుడు రెండు బూరెలు కొంగున కట్టుకున్నాను. మంచం పట్టిన మా ముసలాయనకి. కెమెరా నా వైపే ఉందని తర్వాత చూసుకున్నాను. ఆ ముక్క నలుగురిలో పడితే తలెత్తుకోలేను నాయనా."

వల్లభుడి మనసు కరిగింది. "తీసేస్తాను అవ్వా. నా మాట నమ్ము," అని ఆమె ఎదుటే అక్కడ పసుపు మార్కరు పెట్టాడు.

వీడియోను కొలువులో చూపించే రోజు రానే వచ్చింది. మార్కర్లు ఇంకా బోలెడున్నాయి. ఒక్కొక్కటీ చూసి తీయాలంటే వల్లభుడికి విసుగేసింది. కంప్యూటర్లో అతనికో ఏఐ బంటు ఉంది. నోటితో చెబితే చాలు, చేసిపెడుతుంది. "మార్కర్లన్నీ తీసెయ్," అని దానికి చెప్పి, అద్దం ముందు తలపాగా చుట్టుకోసాగాడు. సన్మానం ఉంటుందని ఆశ మరి!

"అయ్యా, ఎర్ర మార్కర్ల చోట పని పూర్తయింది. తీసేయనా?" అంది బంటు.

"తియ్."

"నీలం వాటి దగ్గర సన్నాయి పెంచాలని రాశారు. ఆ పని కాలేదు. తీసేయనా?"

"సన్నాయి ఎవడు వింటాడు? తియ్."

"పసుపుది ఒక్కటే ఉందయ్యా. దాని మీద అచ్చమ్మకు..."

"అన్నీ అంటే అన్నీ! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

బంటు తీసేసింది. మార్కరు పోయింది. ముక్క మాత్రం అక్కడే ఉండిపోయింది.

కొలువు కిటకిటలాడింది. అచ్చమ్మ కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. వల్లభుడి మాట మీద ఆమెకు అంత నమ్మకం! తెర మీద తలంబ్రాలు పడ్డాయి, మంగళవాద్యాలు మోగాయి. తర్వాత భోజనాలు. గోడంత తెర మీద అచ్చమ్మ అటూ ఇటూ చూసి, బూరెలు కొంగున దాచింది. ఒకటి జారి కింద పడింది. దాన్ని తీసి, దుమ్ము ఊది, మళ్ళీ మూట కట్టుకుంది.

"దొరికింది దొంగ!" అన్నారెవరో. కొలువంతా విరగబడి నవ్వింది. రాజుగారూ నవ్వారు.

అచ్చమ్మ ఏడవలేదు. వెనక్కి తిరిగి వల్లభుణ్ణి ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు. 

"ప్రభూ, ఇది ఆ బంటు చేసిన పొరపాటై ఉంటుంది. యంత్రం కదా!" అన్నాడు మంత్రి.

ఎంత తేలిక దారి! అవునంటే చాలు. ఆ మాట వల్లభుడి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ముందు వరసలో అచ్చమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకోవడం చూశాడు.

"కాదు ప్రభూ," అంటూ తలపాగా తీసేశాడు. "బంటు నన్ను మూడుసార్లు అడిగింది. నేనే వినిపించుకోలేదు. ఈ అవ్వ తన పరువు నా చేతిలో పెట్టింది. నేను అద్దం చూసుకుంటూ దాన్ని పారేశాను. తప్పు నాది."

అప్పుడు అచ్చమ్మ మెల్లగా లేచింది. "నా తప్పూ ఉంది ప్రభూ. మీరే ఇచ్చి పంపారని మా ఆయనతో అబద్ధం చెప్పాను. లేకపోతే ముట్టేవాడు కాదు."

రాజుగారు తలదించుకున్నారు. అచ్చమ్మ కొలువులోంచి బయటికి నడిచింది.

వల్లభుడు గుమ్మం దాకా ఆమె వెంట పరుగెత్తి క్షమించమన్నాడు. "నిజం చెప్పావు బాబూ, సంతోషం. కానీ ఆ నవ్వులు నా చెవుల్లోంచి పోవు కదా," అని ఆమె వెళ్ళిపోయింది.

అతను తిరిగొచ్చి అదే చోట పసుపు మార్కరు మళ్ళీ పెట్టాడు. ముక్క కోసేశాడు. ఆ తర్వాత తన చేత్తోనే మార్కరు తీశాడు.

మర్నాడు రాజుగారు స్వయంగా బూరెల పళ్ళెం పట్టుకుని అచ్చమ్మ ఇంటికి వెళ్ళారు. వెనకే వీడియో చూపించడానికి కంప్యూటరు పట్టుకుని వల్లభుడు. ముసలాయన మంచంలోంచి చేతులు జోడించాడు.

"పెళ్ళినాడూ పంపారు, మళ్ళీ ఇప్పుడూ తెచ్చారా ప్రభూ!"

రాజుగారు అచ్చమ్మ వైపు చూసి, "ఆనాడే నేను వచ్చి ఇవ్వవలసింది పెద్దయ్యా," అన్నారు.

ముసలాయన బూరె కొరుక్కుంటూ వీడియో అంతా సంబరంగా చూశాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ వల్లభుడు మాత్రం తలెత్తలేకపోయాడు.

పిల్లలూ, పని ఎవరికైనా అప్పగించవచ్చు గానీ, ఇచ్చిన మాటను మాత్రం ఇచ్చినవాడే నిలబెట్టుకోవాలి.