గవరమ్మ ఇమ్మంది

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టని రోజుల మాట. తాటాకుల మీద గంటంతో రాసుకునే కాలం. ఒక దొరగారి కోటలో తాటాకు పుస్తకాలు దాచే కొట్టు ఉండేది. అందులో గవరమ్మ అనే ఆవిడ పని చేసేది. ఆకులకు చెద పట్టకుండా దులిపేది, తుడిచేది, నూనె రాసేది. పండితులు చదువుతుంటే వింటూ వింటూ, ఆకులు చూస్తూ చూస్తూ, ఎవరూ నేర్పకుండానే చదవడం నేర్చుకుంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఒకరోజు నేతగాళ్ల వీధి నుంచి పైడి అనే పిల్ల వచ్చింది. పదమూడేళ్లది. తండ్రి దగ్గర అక్షరాలు దిద్దుకుంది.

"అయ్యా, చదువుకోడానికి మంచి పుస్తకం ఇవ్వండి" అని కొట్టు పెద్దను అడిగింది.

ఆడపిల్ల తల ఎలా వంచుకోవాలో చెప్పే పుస్తకం ఇచ్చాడాయన. చదివి తెచ్చి, "ఇంకోటి ఇవ్వండి" అంది. ఆడపిల్ల నోరెలా మూసుకోవాలో చెప్పే పుస్తకం ఇచ్చాడు. చదివి తెచ్చి, "ఇంకోటి ఇవ్వండి" అంది. తిట్టినా ఎలా పడి ఉండాలో చెప్పే పుస్తకం ఇచ్చాడు. ఆ మూడోదాన్ని తెచ్చి గడప మీద పెట్టేసింది.

"చదువంటే ఇదే అయితే నాకొద్దు" అని వెనక్కి తిరిగింది.

గవరమ్మకు కడుపు మండిపోయింది. కొట్టు నిండా ఓడలెక్కి దారి తప్పినవాళ్లున్నారు. చుక్కల లెక్కలున్నాయి. రాజును నిలదీసిన రాణులున్నారు. వీటిని వదిలేసి పిల్ల చేతిలో పెట్టేది అవా?

"ఆగు తల్లీ" అని చాటుగా పిలిచి ఓడ కథ ఇచ్చింది. నాలుగో రోజుకే చదివేసి పైడి పరుగెత్తుకొచ్చింది. తర్వాత ఇచ్చిన చుక్కల పుస్తకం మాత్రం సగంలోనే తెచ్చేసింది.

"ఇది నాకు ఎక్కలేదమ్మా" అంది బెదురుతూ.

"ఎక్కకపోతే పోనీ. తప్పు నీది కాదు. ఇంకోటి ఉంది" అని గవరమ్మ రాణి కథ ఇచ్చింది. పైడి దాన్ని మగ్గాల మధ్య కూర్చుని పైకి చదివితే, వీధి వీధంతా పని ఆపి విన్నది.

కొట్టు పెద్దకు ఈ సంగతి తెలిసి గవరమ్మను దొర ముందు నిలబెట్టాడు.

"నూనె రాసేదానివి. ఏది మంచి పుస్తకమో నీకేం తెలుసు?" అన్నాడు దొర.

"ముప్పై ఏళ్లుగా దులుపుతున్నాను దొరా. ఈయన పిల్లలకిచ్చే పుస్తకాల్ని మళ్లీ కావాలని అడిగిన పిల్ల ఒక్కతీ లేదు. చదువు మీదే రోత పుట్టించేది మంచి పుస్తకం ఎట్లా అవుతుంది?"

దొర ఏం చేశాడో తెలుసా? ఎదురు మాట్లాడిందని ఆవిణ్ణి బయటికి గెంటించాడు. ముప్పై ఏళ్ల చాకిరీకి అదీ మర్యాద.

గవరమ్మ పైడి ఇంటికి చేరింది. తలలో ఉన్న కథలన్నీ అరుగు మీద కూర్చుని చెప్పింది. పైడి రాసింది. అలా చెబుతూ చెబుతూనే ఒకనాడు కన్నుమూసింది. కోట నుంచి ఒక్క మనిషీ రాలేదు.

నూనె రాసే చెయ్యి లేక కోటలో పుస్తకాలన్నీ చెద తినేసింది. అప్పుడొచ్చాడు కొట్టు పెద్ద.

"గవరమ్మ చెప్పినవన్నీ కోటకు ఇచ్చెయ్యి" అన్నాడు.

"ఆవిణ్ణి గెంటిన చోటికి ఆవిడ మాటల్ని పంపను. చదవాలనుంటే ఈ అరుగు మీద కూర్చోండి అయ్యా. ఎవరొచ్చినా ఇస్తాం, మీకూ ఇస్తాం" అంది పైడి.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో, పదమూడో ఏడు వచ్చిన పిల్లల్ని పుస్తకాల ముందు కూర్చోబెడతారు. నచ్చింది వాళ్లే తీసుకోవాలి. సగంలో తెచ్చిచ్చినా ఎందుకని అడగకూడదు. "ఇది నీకెందుకు" అని ఏ పెద్దమనిషైనా అడ్డొచ్చాడా, ముసలమ్మలు లేచి, "పక్కకు జరుగు నాయనా, గవరమ్మ ఇమ్మంది" అంటారు. అని, పిల్ల చేతిలో ఇంకోటి పెడతారు.