మిగిలిపోయిన తుంగ దండ

అనగనగా ఒక మడుగు, మడుగు నిండా తుంగ, ఆ తుంగలో ఆరు పిల్లల తల్లి మందగమన అనే బాతు. పేరుకే మందగమన! పిల్లలు పుట్టిన నాటి నుంచి ఆమె కాలు ఒకచోట నిలిచింది లేదు. పైన గద్ద, గట్టున నక్క, నీళ్ళలో పాము. మేత మేయబోతూ మెడ ఎత్తేది, కునుకు పట్టబోతే ఉలిక్కిపడేది. పిల్లలన్నీ ఉన్నాయో లేదో చూసుకుందామంటే ఆమెకు లెక్క రాదు.

ఈ సంగతి ధవళముఖుడనే కొంగకు తెలిసింది.

"అమ్మాయీ, పిల్లలను నా బడికి పంపు. పదిదాకా నేర్పుతాను. సాయంత్రం వాళ్ళ లెక్క వాళ్ళే అప్పజెబుతారు. ఇక నీకు బెంగ దేనికి?" అన్నాడు ఒంటికాలి మీద నిలిచి.

దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే. కానీ కంగారులో ఉన్న తల్లి నమ్మింది.

"కళ్ళు మూసుకోండి! గట్టిగా వల్లించండి!" అనేవాడు కొంగ పంతులు. పిల్లలు వల్లించేవి. కడగొట్టుది చిట్టిముక్కు మాత్రం కుదురుగా ఉండేది కాదు. మూడు తర్వాత ఏడు అనేది, ఒక కన్ను తెరిచి చూసేది.

"దీని బుర్రకు చదువెక్కదు" అని పంతులు దాన్ని ఇంటికి తరిమేశాడు.

మందగమనకు దిగులు రెట్టింపయింది. ఏం చేస్తుంది? తుంగపోచలతో దండ అల్లడం నేర్పి, "అన్నలకూ అక్కలకూ తలా ఒకటి అల్లు తల్లీ. బడి నుంచి రాగానే మెడలో వేసి ఆడుకో" అంది.

మొదటి సాయంత్రం దండలు చాలలేదు. మెడ బోసిగా మిగిలిన అక్క ఏడుపు లంకించుకుంది. చిట్టిముక్కు ఇంకొకటి అల్లింది. రెండో సాయంత్రం తలా ఒకటీ సరిపోయాయి. చిట్టిముక్కు గంతులు వేసింది.

మూడో సాయంత్రం పిల్లల వెంట కొంగ కూడా వచ్చాడు.

"అందరూ వచ్చారా నాయనా?" తల్లి ఆత్రంగా అడిగింది.

పిల్లలు కళ్ళు మూసుకుని పదిదాకా ఏకబిగిన అప్పజెప్పాయి. ఎందరున్నా వాళ్ళ లెక్క పది దగ్గరే ఆగేది.

"విన్నావా? ఒక్క తప్పు లేదు!" అన్నాడు కొంగ.

అయినా మందగమన మనసు నిమ్మళించలేదు. అంతలో చిట్టిముక్కు ఒక దండను ముక్కున కరుచుకుని వచ్చింది.

"అమ్మా, అందరికీ వేశాను. మరి ఇది ఎవరిది?"

తల్లి దండ వంక చూసింది, పిల్లల మెడల వంక చూసింది. "అయ్యో, నా నడిపోడేడీ!" అని కేక పెట్టి తుంగలోకి దూకింది.

బడి వెనక పొదలో, కాళ్ళకు తీగ బిగిసి, నడిమి పిల్ల వణుకుతూ పడి ఉంది. పంతులు తన భోజనానికి దాచుకున్న పిల్ల అది! తల్లి దాన్ని విడిపించి తెచ్చేసరికి కొంగ మడుగు విడిచి పారిపోయాడు. మిగిలిన దండ ఆ మెడలో పడింది.

తల్లి మనసు కదా, ఆ తర్వాత కూడా మందగమన మెడ ఎత్తి చూస్తూనే ఉండేది. కాకపోతే సాయంత్రం దండలు సరిపోయాక కాసేపు హాయిగా కన్ను మూసేది.

వల్లించిన లెక్క నోటితోనే పోతుంది. ఆడుతూ పాడుతూ నేర్చిన లెక్కే ఆపదలో అక్కరకు వస్తుంది.