కోడి పొదిగిన బాతులు

ఆ కతేనా అమ్మలూ? నీ పిల్ల బడికెళ్లనని ఏడుస్తంటే అది మీ తాతే చెప్పాల. ఆయనంత బాగా నాకు రాదు. సరే, విను.

ఒక రాజుకి ఒక్కతే కూతురు. ఏనుగుల వైద్యం నేర్చుకుంటానంటది. పంతులేమో కావ్యాలు బట్టీ పట్టమని చేతులు వాచేలా కొట్టేవోడు. పిల్ల తిండి మానేసి గోడకేసి చూస్తా కూచుంది. రాజుకి బెంగ.

"బెత్తముంటే ఎవరికేదైనా నేర్పుతాను మహారాజా" అన్నాడు పంతులు.

కోటలో గుడ్లమ్మే నూకాలు ఆ మాట వింది. మర్నాడు తన కోడిపెట్టనీ, దానెనకే పిల్లల్నీ తోలుకొచ్చింది.

"పంతులుగోరూ, ఈటికి కాలవలో దిగొద్దని నేర్పండి చూద్దాం."

"కోడిపిల్లలకి అదొక చదువా" అని నవ్వాడు పంతులు. తలెత్తుకు నడిచేవోడికి కిందున్న పిల్లల ముక్కులేం కనపడతయి?

కాలవ చూడగానే పిల్లలన్నీ దూకేసినయి. గట్టు మీద పెట్ట ఒకటే గోల. మీ తాతుంటే ఇక్కడ కోడిలా అరిచి చూపించేవోడు. పంతులు బెత్తం పట్టుకుని మొలలోతు బురదలో ఎంటబడ్డాడు. ఒక్కటీ దొరకలేదు.

"మోసం మహారాజా" అని గట్టు మీదున్న రాజుకేసి అరిచాడు పంతులు. " బాతు గుడ్లు కోడిచేత పొదిగించింది. బాతుపిల్ల ఈదక ఏం చేస్తుంది? దాన్ని కొట్టి ఏం లాభం?"

"ఆ ముక్క అమ్మాయిగోరి గురించి మీ నోటే ఇందామని తోలుకొచ్చానయ్యా" అంది నూకాలు.

రాజు అప్పుడే కూతుర్ని ఏనుగులసాలకి పంపాడు. ఆ రాత్రి పిల్ల అడిగి మరీ అన్నం పెట్టించుకుంది.

తెల్లారేసరికి పంతులు ఊళ్లో లేడు.