పేరు చెప్పని పిలుపు

ఒకానొక కాలంలో మంచురేవు అనే చిన్న రాజ్యం ఉండేది. కోట ముందంతా ఉప్పునీటి సరస్సు. మార్గశిరం వచ్చిందంటే దాని మీద మంచు ఎంత చిక్కగా పరుచుకునేదంటే, నీళ్లు ఎక్కడ ముగిశాయో ఆకాశం ఎక్కడ మొదలైందో పడవవాళ్లకే తెలిసేది కాదు. మేడ మీద నుంచి చూసేవారికి లోకమింకా నిద్రలో ఉన్నట్టే అనిపించేది.

ఆ రాజ్యాన్ని సుదర్శన భూపతి ఏలేవాడు. మనసు మంచిదే. కాని తనంతటి ధర్మాత్ముడు భూమ్మీద లేడని ఆయనకు గట్టి నమ్మకం. తాను ఏ మాటన్నా సభ తలూపాలి. ఊపడం కాస్త ఆలస్యమైతే, వినపడలేదేమో అనుకుని అదే మాట మళ్లీ మొదటి నుంచి చెప్పేవాడు. అందుకని అందరూ ముందే ఊపేసేవారు.

సరస్సు నడుమ గవ్వలదీవిలో వలలు అల్లుకుని బతికే క్రైస్తవ కుటుంబాలు నలభై దాకా ఉండేవి. ఏటా క్రిస్మసు నాడు తెల్లవారుతుండగా వాళ్లు పడవలకు కాగితపు నక్షత్రాలు కట్టి, లోపల దీపాలు పెట్టి, పాడుకుంటూ కోటరేవుకు వచ్చేవారు. మంచులో పడవలు కనిపించేవి కావు, మనుషులూ కనిపించేవారు కాదు. ఉత్త నక్షత్రాలే నీళ్ల మీద నడిచి వస్తున్నట్టుండేది. రాజుగారి తాతల నాటి నుంచీ ఆ ఉదయం కొలువులో క్రిస్మసు పండుగ జరిపేవారు. పాటగాళ్లకు పెద్ద ఒక ముసలాయన. ఆయన పేరు సమాధానం. చూపు బాగా మందగించింది గాని, గొంతెత్తితే కోట గోడలకు ఆ చివర కూడా వినపడేది.

ఒక ఏడాది పండితులంతా కూడి రాజుకు సమదృష్టి సార్వభౌముడని బిరుదిచ్చారు. ఆనాటి నుంచి రాజు ఏది చూసినా సమదృష్టితో చూడటం మొదలుపెట్టాడు. అలా చూడగా చూడగా ఆయనకొక సందేహం కలిగింది. కొలువు అందరిదీ కదా. ఒక మతంవారి పండుగను ఆ మతం పేరుతోనే కొలువులో జరిపితే తక్కినవారు చిన్నబుచ్చుకోరా? ఇకమీదట ఏ పండుగకూ కొలువులో దాని పేరు వాడకూడదని, ముందుగా వస్తున్నది క్రిస్మసు కనుక దానితోనే మొదలుపెడదామని సెలవిచ్చాడు. ఆ తరువాత ఉగాది, రంజాను కూడా ఈ వరసలోకే వస్తాయన్నాడు. సభ తలూపింది.

ఊపనిది ఒక్క కొమ్మన్న. రాజుగారి పేర అతిథులను పిలిచే పని అతనిది. ఎవరిని ఏ వరసతో పిలవాలో, ఎవరికి ఏ మాట నొప్పి కలిగిస్తుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రాజు అడిగిన ప్రశ్నలో తప్పు లేదనే కొమ్మన్నకూ అనిపించింది. ఆయన చెప్పుకున్న జవాబే మింగుడు పడలేదు. కనీసం దీవివాళ్లకైనా ఇది ఏ పండుగో నోటిమాటగా చెప్పవచ్చా అని వినయంగా అడిగాడు.

"కూడదు," అన్నాడు రాజు. "ఇది తమదని గాని, తమది కాదని గాని ఎవరికీ అనిపించకూడదు. నువ్వు ఆ పేరు ఎత్తినా నీ కొలువు పోతుంది, ఆ రోజు సభ నిండకపోయినా నీ కొలువు పోతుంది."

కొమ్మన్న ఇంటికి వెళ్లి మూడు రోజులు కష్టపడి ఆహ్వానం రాశాడు. అందులో ఇలా ఉంది: "శీతకాలంలో ఒకానొక ఉదయం, సంతోషించదలచినవారు కోటకు వచ్చి, తమకు తోచిన కారణం చేత సంతోషించవచ్చు." కింద తేదీ వేశాడు. రాజు దాన్ని రెండుసార్లు చదివించుకుని, ఇంతకాలానికి నీకు రాయడం వచ్చిందని మెచ్చుకున్నాడు.

వీధివీధికీ మనుషులు ఆ పత్రం తీసుకెళ్లారు. గవ్వలదీవికి మాత్రం కొమ్మన్న తానే వెళ్లాడు. సమాధానం అరుగు మీద కూర్చుని చేత్తో తడుముకుంటూనే వల అల్లుతున్నాడు. పత్రం చదివించుకుని విన్నాడు. మళ్లీ చదవమన్నాడు. విని, పోగును వేళ్ల మధ్య తిప్పాడు. ఈసారి క్రిస్మసు కొలువు లేదా బాబూ అని మెల్లగా అడిగాడు. ఉందనే చెప్పాలని కొమ్మన్నకు అనిపించింది. కాని ఇంట్లో నలుగురి తిండికి ఆ కొలువే ఆధారం. పత్రంలో ఉన్నది ఇదేనండీ అని మాత్రం అనగలిగాడు. తిరుగు పడవలో అతనికి తన మీద తనకే రోత పుట్టింది. ఈ ఆజ్ఞను ఒక్క అక్షరం తప్పకుండా పాటిస్తే ఏమవుతుందో రాజే కళ్లారా చూడాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. రాజు పట్టుబట్టలు కట్టి, పరివారంతో రేవు మెట్ల మీద నిలబడ్డాడు. తూర్పు తెల్లబడింది. మంచు మెట్ల దాకా వచ్చి పాదాలను తాకుతోంది. నీళ్ల మీద నక్షత్రం లేదు. పాట లేదు. ఎక్కడో ఒక కొంగ రెక్క విదిల్చిన చప్పుడు. ఎంతసేపు చూసినా తెలుపే తప్ప మరేమీ కనపడలేదు.

సభ మాత్రం నిండింది. రాజు పిలిచాక రాకుండా ఉండటం ఎలాగని ఊరంతా వచ్చింది. శీతకాలమని రాసి ఉంది కనుక కంబళ్లు పంచుతారనుకుని కొందరు ఖాళీ సంచులతో వచ్చారు. పడిశం సంగతేమోనని ఆస్థాన వైద్యుడు రెండు కాగుల అల్లం కషాయం కాచి తెచ్చాడు. కుమ్మరివీధి వాళ్లు కొత్త పన్ను వేస్తారేమోనని భయపడుతూ ఒక మూల ఒదిగి కూర్చున్నారు.

రాజు సింహాసనం మీద కూర్చుని, ఇక సంతోషించండి అని ఆజ్ఞాపించాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో ఒక పెద్దమనిషి నవ్వడానికి ప్రయత్నించి, ఎందుకో తెలియక ఆపేశాడు. వైద్యుడు కషాయం పంచడం మొదలుపెట్టాడు. ఆ ఘాటుకు సభంతా దగ్గింది.

రాజు మొహం ఎర్రబడింది. దీవివాళ్లు ఎందుకు రాలేదని, ఈ జనం ఇలా ఎందుకు కూర్చున్నారని, దీనికంతటికీ సమాధానం ఎక్కడని కొమ్మన్నను గద్దించాడు.

కొమ్మన్న చేతులు కట్టుకున్నాడు. "సమాధానం గవ్వలదీవిలోనే ఉన్నాడు ప్రభూ. ఏలినవారు సెలవిస్తే వెళ్లి ఆయన్నే అడుగుదాం."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు నవ్వలేదు. లేచి రేవు వైపు నడిచాడు. పరివారాన్ని రావద్దని, కొమ్మన్నను మాత్రం వెంట రమ్మని పడవెక్కాడు.

పడవ మంచులోకి జారింది. నాలుగు గెడలు వేసేసరికి వెనక కోట లేదు, ముందు దీవి లేదు. చలికి రాజు శాలువను తల మీదుగా కప్పుకున్నాడు. కిరీటం, హారాలు, ఆయన దర్పం అన్నీ దాని కిందికి పోయాయి. పడవ కదులుతోందో, నిలబడిన పడవ కింద నీళ్లే కదులుతున్నాయో తెలియడం లేదు. గెడ కొమ్మన్న చేతిలో ఉంది. సాయంత్రానికి తన కొలువు ఉంటుందో లేదో అతనికి తెలియదు.

అంతలో ముందు నుంచి పాట వినపడింది. పాటలా లేదది. జోగుతున్న పసివాణ్ణి లేపకుండా పాడుకుంటున్నట్టు, నలభై ఇళ్ల జనం గొంతు తగ్గించి పాడుతున్నారు. మంచులో మసకగా నక్షత్రాలు కనిపించాయి. అవి పడవలకు కట్టి లేవు, చూరులకు వేలాడుతున్నాయి.

పడవ దిగి సమాధానం ఇంటికి వెళ్తే, ఆయన భార్య రాహేలమ్మ ఎదురొచ్చింది. శాలువ ముసుగులో ఉన్నది ఎవరో ఆమె పోల్చుకోలేదు. క్రిస్మసు పూట గడపలోకి వచ్చినవాళ్లు ఎవరైతేనేమని ఇద్దరినీ చాప మీద కూర్చోబెట్టి, కొబ్బరి కజ్జికాయలు పెట్టింది. సమాధానం తన గొంతు గుర్తుపడతాడేమోనని కొమ్మన్న నోరు విప్పలేదు. రాజు కూడా తానెవరో చెప్పలేదు. ఏటా కోటకు వెళ్లేవారు కదా, ఈ ఏడు ఎందుకు వెళ్లలేదని సమాధానాన్ని అడిగాడు.

ముసలాయన నిట్టూర్చాడు. "ఏం చెప్పమంటావు బాబూ? కోట నుంచి కబురైతే వచ్చింది గాని, అందులో పండుగ పేరు లేదు. ఏ ఇంట్లోనైనా పండుగ పేరెత్తడం లేదంటే ఏమిటర్థం? ఆ ఇంట్లో పెద్ద కష్టం జరిగిందనే కదా. రాజుగారికి ఎవరో కావలసినవాళ్లు పోయి ఉంటారు. పైకి చెప్పుకోలేక సంతోషించండని మమ్మల్ని రమ్మన్నారు. అలాంటి ఇంటి ముందుకు దీపాలు కట్టుకుని పాడుకుంటూ ఎలా వెళ్తాం? అందుకే ఇక్కడే గొంతు తగ్గించి పాడుకుంటున్నాం. మొదటి ప్రార్థన రాజుగారి కోసమే చేశాం."

రాజు చేతిలోని కజ్జికాయ చేతిలోనే ఉండిపోయింది. కొమ్మన్నకూ ఈ మాట కొత్తే. దీవివాళ్లు అలిగి ఉంటారనుకున్నాడు గాని, ఇలా అనుకుంటారని అతను ఊహించలేదు. తల వంచుకున్నాడు.

రాజు శాలువను ఇంకాస్త ముందుకు లాక్కున్నాడు. కోటలో ఎవరూ పోలేదని, కొలువు అందరిదీ గనుక ఒకరి పండుగ పేరు చెబితే తక్కినవారికి నొప్పి కలుగుతుందని రాజు ఆలోచించాడని, తాను విన్నట్టుగా చెప్పాడు.

రాహేలమ్మ కజ్జికాయల బుట్ట కింద పెట్టింది. "ప్రతి దసరాకీ మేము కోటకెళ్లి ఏనుగులను చూసొస్తాం నాయనా. అది మా పండుగ కాదని మాకు తెలుసు. చుట్టాలుగా వెళ్తాం, తిని వస్తాం, ఎంతో హాయి. పక్కింటి పెళ్లికి వెళ్లినప్పుడు ఇది ఎవరి పెళ్లీ కాదంటే అక్షింతలు ఎవరి మీద వెయ్యాలి? అందరి పెళ్లీ అంటే మరీ చిక్కు, వంట మేమే చెయ్యాలి."

రాజు శాలువ తీసేశాడు. కిరీటం చూసి రాహేలమ్మ కంగారుగా లేవబోతే, కూర్చోమని చేత్తోనే వారించాడు. తరువాత కొమ్మన్న వైపు తిరిగి, ఇలా జరుగుతుందని నీకు ముందే తెలుసు కదా, నన్ను ఓడించడానికే ఆ పత్రం అలా రాశావు కదా అని అడిగాడు.

"నేను ఏలినవారి ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించాను ప్రభూ," అన్నాడు కొమ్మన్న. "ఇది తమదని ఎవరికీ అనిపించకూడదన్నారు. నిజంగానే ఎవరికీ అనిపించలేదు. ఆ మాటకొస్తే ఏలినవారికీ అనిపించలేదు. ఓడిపోయింది ఆ ఆజ్ఞ ఒక్కటే. ఏలినవారు పడవెక్కి ఇంత దూరం వచ్చారు, కజ్జికాయ తింటున్నారు, ఇందులో ఓటమేముంది?"

రాజు అతనివైపు చూశాడు. ముందు మీసం కదిలింది, తరువాత భుజాలు కదిలాయి. ఆ తరువాత పగలబడి నవ్వాడు. కజ్జికాయ పొడి పట్టుబట్టల మీద రాలుతున్నా దులుపుకోలేదు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటూ, పడవలకు నక్షత్రాలు కట్టమని, ఇక గొంతు తగ్గించవద్దని దీవివాళ్లను వేడుకున్నాడు. ఆజ్ఞాపించడం అలవాటైన మనిషి వేడుకోవడం కొమ్మన్న అదే మొదటిసారి చూడటం.

పొద్దెక్కుతుండగా మంచు బంగారు రంగుకు తిరిగింది. అందులోంచి నక్షత్రాలు ఒకటొకటిగా కోటరేవుకు నడిచి వచ్చాయి. సమాధానం గొంతెత్తాడు. సభలో బిగుసుకుపోయి కూర్చున్న జనం ఆ పాట విని మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చారు. రాజు పడవలోంచే వాళ్లకు చెప్పాడు. ఇవాళ క్రిస్మసు, ఇది గవ్వలదీవి వారి పండుగ, తక్కిన మనమందరం వారి చుట్టాలం అని చెప్పి, ఉగాది ఉగాదిగానే, రంజాను రంజానుగానే కొలువులో జరుగుతాయని, ఎవరి పండుగ నాడు వారు ఇంటివాళ్లని ప్రకటించాడు.

ఈసారి తలూపమని ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది. ఎవరిని పలకరించాలో జనానికి తెలిసింది. పన్నుకు భయపడి వచ్చిన కుమ్మరి స్త్రీ ఒకామె మెట్లు దిగి వెళ్లి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, రాహేలమ్మ రెండు చేతులూ పట్టుకుని పండుగ శుభాకాంక్షలు చెప్పింది.

రాజు తన శాలువను కొమ్మన్నకు కప్పి, రెండెకరాల మాగాణి రాసిచ్చాడు. తరువాత సింహాసనం దాకా వెళ్లి, ఏమనుకున్నాడో ఏమో, దాన్ని ఎక్కకుండా చుట్టాల వరసలో చాప మీద చోటు చేసుకుని కూర్చున్నాడు. పాట సాగుతూనే ఉంది. మంచు పూర్తిగా విడిపోయేసరికి మధ్యాహ్నమైంది.