పక్క సీటు

ఘాట్ రోడ్డులో బండి ఆగిపోయిందన్న సంగతి ఓబులేసు ఎవరికీ చెప్పలేదు. నోరు విప్పకపోతే జరగనట్టే అనుకున్నాడేమో, పిచ్చివాడు.

నంద్యాలలో ఖాసిం పీరా ఉస్తాద్ షెడ్డు తెలియని డ్రైవరు లేడు. ఆ షెడ్డులో ఓబులేసు పెద్ద శిష్యుడు. ఉస్తాద్ బంధువుల పెళ్ళికని కడపకు పోయి ఉన్నప్పుడు అదే ఊరి చెన్నకేశవులు తన పెట్రోలు కారు తెచ్చాడు. కంపెనీవాళ్ళు ఇచ్చిన ఎయిర్ ఫిల్టరు డబ్బా పీకేసి, తను బయట కొన్న పెద్ద ఫిల్టరు బిగించమన్నాడు. లావుపాటి అల్యూమినియం పైపు, దాని కొసన ఎర్రటి ఫిల్టరు. చూడ్డానికి భలే ఉంది. ఓబులేసుకు చేతులు దురద పెట్టాయి. ఉస్తాద్ ఉంటే ఇట్లాంటి పని షెడ్డు గడప తొక్కనివ్వడు. "బండి ఊపిరితో ఆటలొద్దు నాయనా" అని తిప్పి పంపుతాడు.

పైపు లావు కదా, పట్టలేదు. దారికి అడ్డమున్న సన్న రబ్బరు గొట్టాన్ని ఓబులేసు విప్పి, పక్కకు వంచి, కొత్త క్లిప్పు వేసి బలమంతా పెట్టి బిగించాడు. ఇంజన్ నుంచి బ్రేకుకు పోయే గొట్టం అది; దాంట్లోంచి ఇంజన్ గాలి లాగితేనే బ్రేకు మెత్తగా దిగుతుంది. స్టార్ట్ చేస్తే బండి హోరెత్తిపోయింది. చెన్నకేశవులు చప్పట్లు కొట్టాడు. ఓబులేసు కాలర్ ఎగరేయడం ఒక్కటే తక్కువ.

రెండు రోజులకే కారు వెనక్కి వచ్చింది.

"ఓబులేసూ, కాలు తీస్తే చాలు, బండి వణికి వణికి ఆగిపోతాంది. ఏందో చూడు. శుక్రవారం మా ఈశ్వరమ్మను గిద్దలూరికి పుట్టింటికి తీసకపోవాల. ఏడో నెల."

గిద్దలూరు పోవాలంటే నల్లమల ఘాట్ దాటాలి. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. ఓబులేసు ఒక్కడే ట్రయల్‌కు పోయాడు. ఎక్కేటప్పుడు బాగానే ఎక్కింది. దిగుడులో ఒక మలుపు దగ్గర గేరు మార్చడానికి క్లచ్ తొక్కి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. ఇంజన్ చచ్చింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది. బ్రేకు తొక్కితే రాయిని తొక్కినట్టుంది. హ్యాండ్ బ్రేకు లాగి, రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి, కులదేవతల పేర్లన్నీ అరిచి ఎట్లాగో ఆపాడు. దిగి చూస్తే బంపరు పిట్టగోడకు ఆనుకుని ఉంది. గోడ అవతల ఏమీ లేదు. చెట్ల తలలు మాత్రం కనిపిస్తున్నాయి, అదీ చాలా కిందుగా.

అప్పటినుంచి అతనికి అన్నం సయించలేదు. కళ్ళు మూస్తే ఆ చెట్ల తలలే. ప్లగ్గులు మార్చాడు. కాయిల్స్ మార్చాడు. పెట్రోలు పంపు విప్పి కడిగాడు. మధ్యమధ్యలో భయం పొంగుకొచ్చినప్పుడల్లా స్క్రూడ్రైవరు పట్టుకుని, కనపడిన క్లిప్పునల్లా ఇంకో చుట్టు బిగించాడు. బండి మాత్రం వణుకుతూనే ఉంది. ఓబులేసు కంటే ఎక్కువో తక్కువో చెప్పలేం.

గురువారం మధ్యాహ్నం ఉస్తాద్ తిరిగొచ్చాడు. చేతిసంచి పక్కన పెట్టి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, బంపరు దగ్గర వంగాడు.

"ఈ సున్నం యాడిదిరా?"

ఓబులేసు తుడిచాననే అనుకున్నాడు. మూలన కొంచెం మిగిలిపోయింది.

"ఘాట్‌లో... పిట్టగోడది, ఉస్తాద్."

"కేశవులుకు తెలుసునా?"

"తెలీదు."

ఉస్తాద్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. టోపీ తీసి తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏమేమి విప్పినావు?"

ఓబులేసు ఒక్కొక్కటే చెప్పాడు. చెబుతుంటే తనకే ఆశ్చర్యమేసింది. బండి సగం విప్పాడు.

"విప్పనిదేంది?"

"కొత్త పైపు ఉంది గదా, ఆ పక్క, ఉస్తాద్. అదంతా నేనే బిగించినా. గట్టిగా ఉంది."

"అట్లనా" అన్నాడు ఉస్తాద్. "స్టార్ట్ చెయ్."

బానెట్ కింద హోరు మొదలైంది. ఉస్తాద్ వంగి పెట్రోలు వాసన ఏమైనా వస్తోందా అని చూసుకున్నాడు. తర్వాత అరుగు మీదికి పోయి ఊదుబత్తి వెలిగించాడు. ఆ షెడ్డులో రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు సుత్తుల మీద, స్పానర్ల మీద ఊదుబత్తి తిప్పడం ఆయన అలవాటు. ఆ పొగ చూడగానే ఓబులేసుకు ప్రాణం లేచొచ్చింది. ఉస్తాద్ బండికి దిష్టి తీస్తున్నాడనుకున్నాడు. దిగి వచ్చి ఇంజన్ ముందు నిలబడి కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ జోడించాడు.

నెత్తి మీద ఒక మొట్టికాయ పడింది.

"దండం తర్వాత పెట్టుకుందువులేరా! కండ్లు తెరిచి పొగ యాడికి పోతాందో చూడు."

ఉస్తాద్ ఊదుబత్తిని మెల్లగా పైపు వెంట నడిపిస్తున్నాడు. ఫిల్టరు దాటాక మొదటి అతుకు. పొగ నిటారుగా లేచింది. రెండో అతుకు. అక్కడా నిటారుగానే లేచింది. తర్వాత చెయ్యి కిందికి పోనిచ్చి, పక్కకు వంచిన ఆ సన్న రబ్బరు గొట్టం దగ్గర ఆపాడు.

పొగ పైకి లేవలేదు. అడ్డంగా వంగి, దారంలాగా సాగి, క్లిప్పు కిందికి దూరిపోయింది.

ఓబులేసు ఇంజన్ ఆపి, క్లిప్పు ఊడదీశాడు. గొట్టం అడుగున రబ్బరు తెగి ఉంది. క్లిప్పు అంచు కత్తిలాగా దిగిపోయింది. ఇంజన్ ఆ చిల్లులోంచి దొంగగాలి పీలుస్తోంది. కాలు తీసినప్పుడు ఆగిపోవడానికీ, బ్రేకు రాయి కావడానికీ అదే కారణం. గాలి దూరే బుస వినపడాల్సిందే. అది కొత్త ఫిల్టరు హోరులో కలిసిపోయింది.

"ఎన్నిసార్లు బిగించినావురా దీన్ని?"

"భయమైనప్పుడల్లా, ఉస్తాద్."

ఉస్తాద్ ఊదుబత్తిని కిందేసి చెప్పుతో నలిపాడు.

కొత్త గొట్టం తెప్పించారు. ఓబులేసు క్లిప్పు వేసి స్క్రూ తిప్పుతుంటే ఉస్తాద్ అతని మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి నిలబడ్డాడు. కాసేపటికి "చాలు" అన్నాడు. ఓబులేసుకు ఇంకొక్క చుట్టు తిప్పాలని ప్రాణం పీకింది. తిప్పలేదు.

"ట్రయల్‌కు మీరు నడపండి, ఉస్తాద్. మీకు దండం పెడతా. నావల్ల కాదు."

"బిగించినోడే నడపాల. ఈ షెడ్డులో ఎప్పుడన్నా వేరేగా జరిగిందా?"

ఆ మాట నిజమే. అక్కడి పద్ధతి అది. ఇంకో పద్ధతి కూడా ఉంది. శిష్యుడు ట్రయల్‌కు పోతే ఉస్తాద్ వచ్చి పక్క సీట్లో కూర్చుంటాడు. మోకాళ్ళ నొప్పులున్నా కూర్చుంటాడు. ఓబులేసు అది ఉస్తాద్‌కు షికారు సరదా అనుకునేవాడు ఇన్నాళ్ళూ.

ఎండ తగ్గే వేళకు ఘాట్ చేరారు. దిగుడు మొదలైంది. ఆ మలుపు వచ్చింది. పిట్టగోడ మీద సున్నం లేచిపోయిన చోటు ఇంకా కొత్తగా ఉంది. ఓబులేసు కాలు యాక్సిలరేటర్ మీంచి రానంటోంది.

"కాలు తీయి" అన్నాడు ఉస్తాద్.

"ఆగిపోతే?"

"తీయిరా."

క్లచ్ తొక్కి, కాలు తీశాడు. ఇంజన్ హోరు దిగింది, దిగింది, ఇంకా దిగింది. హోరు ఒకచోట నిలిచింది. సన్నగా, నిలకడగా మోగుతూనే ఉంది. బ్రేకు మెత్తగా దిగింది. బండి బుద్ధిగా మలుపు తిరిగింది.

అప్పుడు చూశాడు ఓబులేసు. తలుపు పైనున్న పిడిని ఉస్తాద్ పట్టుకుని ఉన్నాడు. వేళ్ళ కణుపులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"మీకు గూడా భయమా, ఉస్తాద్?"

"భయం కాకేంది?"

"మరి ఎందుకొచ్చినారు?"

"భయం లేకుంటే షెడ్డులో కూచుని ఛాయ్ తాగుతాంటిని గదా."

తిరుగు దారిలో ప్రతి దిగుడులోనూ ఓబులేసు తనే కాలు తీశాడు.

శుక్రవారం పొద్దున చెన్నకేశవులు భార్యతో వచ్చాడు. ఈశ్వరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా వెనక సీట్లో కూర్చుంది. వాళ్ళమ్మ చేయబోయే నువ్వుల లడ్ల గురించి నవ్వుతూ ఏదో చెబుతోంది. ఓబులేసు తాళాలు ఇవ్వబోయి ఆగాడు. చెన్నకేశవులును పక్కకు పిలిచాడు.

"అన్నా, తప్పు నాదే. నేను బిగించిన క్లిప్పుకు గొట్టం తెగింది. దానివల్లనే బండి ఆగిపోయేది. ఘాట్‌లో నాకూ ఆగింది. లోయ అంచున నిలబడింది. నీకు చెప్పలేదు."

చెన్నకేశవులు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఓబులేసు చొక్కా పట్టుకున్నాడు.

"నా పెండ్లాన్ని ఎక్కించుకుని పోతాంటి గదరా దాంట్లో! ఆ?"

"అవునన్నా."

"ఇప్పుడేమంటావు? బాగైందా, కాలేదా?"

"బాగైంది. నిన్న ఉస్తాద్‌తో ఆ మలుపులోనే చూసినా."

చొక్కా వదిలాడు గానీ చెన్నకేశవులు కదల్లేదు. కారును చూశాడు, వెనక సీట్లో భార్యను చూశాడు. ఏ మాట నమ్మాలో అతనికి అర్థం కాలేదు.

ఓబులేసు పోయి ముందు తలుపు తీసి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకున్నాడు.

అరుగు మీద ఉస్తాద్ ఊదుబత్తి వెలిగించుకుని స్పానర్ల మీద తిప్పుతున్నాడు. తల తిప్పకుండానే అడిగాడు.

"యాడికిరా?"

"గిద్దలూరికి, ఉస్తాద్. వచ్చేటప్పుడు బస్సుకు వస్తా."

"కాళ్ళు వణుకుతాండాయా?"

ఓబులేసు తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు.

"వణుకుతాండాయి."

"అయితే సరే" అన్నాడు ఉస్తాద్. "పోయి రా."